నడిమధ్య కుట్టు

అత్తగారు ఇల్లు దాటి వేరేచోట పడుకోవడం ఎందుకు మానేసిందో కోడలికి తెలుసు. తెలుసన్న సంగతి అత్తగారికీ తెలుసు. అయినా ఆ ఇంట్లో ఆ విషయానికి పేరు లేదు. ఆవిడ అందరికంటే ముందు లేచి, స్నానాల గదిలో బకెట్టు చప్పుడు కాకుండా దించుకుని, తన దుప్పటి తానే ఉతికి ఆరేసుకునేది. ఎవరైనా ఎదురుపడితే "ఒకటే చెమటమ్మా" అనేది. చలికాలంలో కూడా చెమటే.

ఆవిడ ఒకప్పుడు ఆసుపత్రిలో హెడ్ నర్సు. పక్క మీద ముడత కనిపిస్తే చిన్న నర్సుల్ని ఏడిపించేసేదట. పక్క తడిపిన రోగులు సిగ్గుతో చచ్చిపోతుంటే మాత్రం "దానికేముందయ్యా, మనిషన్నాక" అంటూ చిటికెలో దుప్పటి మార్చేసేదట. అంతమందికి చెప్పిన ఆ మాట తనకి తాను చెప్పుకోలేకపోయింది. కోడలు ప్యాడ్లు కొనిస్తే వాడి చూసింది. ఒరిసిపోయి పుండ్లు పడితే మానేసింది.

అలాంటప్పుడు ఆవిడ చెల్లెలి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. చెల్లెలికి తుంటి విరిగి ఆపరేషనయింది. మంచం దిగలేదు.

"అక్కా, నాలుగు రోజులు వచ్చి నా దగ్గర ఉండవే. మా కోడలు మంచిదే, కాదనను. తల దువ్వమంటే మాత్రం గడ్డి పీకినట్టు దువ్వుతుంది" అని నవ్వి, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"చూద్దాంలేవే" అంది అత్తగారు. ఫోను పెట్టేశాక చాలాసేపు కళ్ళజోడు తుడుస్తూ కూర్చుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

కోడలు ఉద్యోగం చేసేది పరీక్షల ల్యాబులో. దుకాణాలకొచ్చే సరుకులోకి నీళ్ళు దిగుతాయో లేదో చూడడం అక్కడి పని. గడియారాలు ముంచుతారు, ఫోన్లు ముంచుతారు, బ్యాగుల మీద, బూట్ల మీద పైపుల్లోంచి వాన కురిపిస్తారు. ఆ వాన గది చూసుకునే పెద్దమనిషిని అందరూ గొడుగాయన అంటారు. ఎన్ని గొడుగులు ఆయన చేతిమీదుగా వెళ్ళినా, నిజం వానొస్తే నెత్తిన ప్లాస్టిక్ కవరు పెట్టుకుని బస్సుకి పరిగెత్తుతాడు. "లోపలి సంగతి తెలిశాక ఏ గొడుగునీ నమ్మబుద్ధి కాదమ్మా" అంటాడు.

కోడలిది గుడ్డల బల్ల. పరుపు మీద వేసే వాటర్‌ప్రూఫ్ షీటు వస్తే, దాన్లోంచి గుండ్రటి ముక్కలు కత్తిరించి మిషనులో బిగిస్తుంది. కింద నుంచి నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతుంది. గుడ్డ పైన బొట్టు ఎప్పుడు పొడుస్తుందా అని రెప్ప వేయకుండా చూస్తుంది. ఒక బొట్టుకి ఊరుకుంటారు, రెండో బొట్టుకీ ఊరుకుంటారు. మూడో చోట కూడా పొడిచిందంటే ఆ గుడ్డ పని అయిపోయినట్టే.

ఆ మధ్య వచ్చిన ఒక నీలం షీటుకి మాత్రం ఎంత ఒత్తిడి పెట్టినా ఒక్క బొట్టు రాలేదు. మిషను తన శక్తంతా చూపించి ఆగిపోయింది. గుడ్డ చెక్కు చెదరలేదు. కోడలు ఆ షీటు పేరు చీటీ మీద రాసుకుంది. సాయంత్రం దారిలో దిగి, దుకాణంలో అదే షీటు కొనుక్కుని ఇంటికొచ్చింది.

అత్తగారి గది తలుపు దగ్గరగా వేసి, షీటు ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"అత్తయ్యా, ఇదీ... చిన్నత్తయ్య వాళ్ళింట్లో పరుపు మీద వేసుకుంటారని. మీకు చెమట పడుతుంది కదా."

అత్తగారు షీటుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. మెత్తగా ఉంది, గరగరలాడలేదు.

"చెమట ఆగుతుందంటావా?"

"నా చేతుల్తో పరీక్ష చేశానండీ. మిషనే ఓడిపోయింది."

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. "నీ మాట మీద వెళ్తున్నానే, పిల్లా" అంది. అంత చనువుగా ఆవిడ పిలవడం అదే మొదలు. ఆ పిలుపుతో కోడలు మర్నాడంతా తేలిపోయింది.

తల్లిని బస్సెక్కించి వచ్చిన భర్త, "రోజూ ఏదో ఒకటి ముంచుతుంటావనుకున్నా. మా అమ్మని గట్టెక్కించావు" అన్నాడు.

మొదటి పూట ఫోనులో అక్కచెల్లెళ్ళు ఒకరి మాటలో ఒకరు దూరిపోయి నవ్వుతుంటే ఎవరిది ఏ గొంతో తెలియలేదు. మరుసటి ఉదయం అత్తగారు ఒక్కతే మాట్లాడింది.

"వాణ్ణి వచ్చి తీసుకెళ్ళమను."

"ఏమైందత్తయ్యా?"

"ఏం కాలేదు. తీసుకెళ్ళమను."

 కోడలు భర్తని పంపకుండా సెలవు పెట్టి తానే వెళ్ళింది.

ఆ ఇంటి బాల్కనీలో పరుపు ఎండకి నిలబెట్టి ఉంది. దాని నడుమ మరక. ఆ ఇంటి కోడలు "ఫరవాలేదండీ, ఆరిపోతుంది" అని ఒకసారి అంటే సరిపోయేది. మంచినీళ్ళిస్తూ అంది, కాఫీ ఇస్తూ మళ్ళీ అంది. అత్తగారు కుర్చీలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని కూర్చుంది.

మంచం మీద నుంచి చెల్లెలు బతిమాలుతోంది. "పరుపేమన్నా బంగారమా? ఉండవే. చిన్నప్పుడు నేను పక్క తడిపితే నువ్వే తడిపానని చెప్పి దెబ్బలు తినలేదూ? ఇప్పుడు నేను తడిపానని చెప్తాలే, ఎవరు కాదంటారు?"

ప్రేమ కొద్దీ అన్న మాటే. కానీ ఇన్నాళ్ళూ పేరు లేకుండా గడిపిన విషయానికి నలుగురిలో పేరు పెట్టేసింది. అత్తగారు లేచి నిలబడింది. "బస్సుకి టైమవుతోంది."

కోడలు బాల్కనీలో తీగ మీద ఆరేసిన షీటు మడతపెట్టబోయి ఆగిపోయింది. పెద్ద మంచానికి సరిపోవాలని రెండు పన్నాలు కలిపి కుట్టిన షీటు అది. కుట్టు సరిగ్గా నడిమధ్య, ఒక్క మనిషి పడుకుంటే నడుం ఆనే చోట. దాని పొడుగునా తెల్లటి చార కట్టింది. ఆ కుట్టు తనకి తెలియనిదేం కాదు. కుట్టుకి ఎడంగా కత్తిరించాలన్నది ల్యాబు నియమం. ఏళ్ళ తరబడి చేస్తుండడంతో కత్తెర దానంతటదే పక్కకి పోతుంది. ఆ గుండ్రటి ముక్కలే షీటు అనుకుంది తను. మనిషి పడుకునేది ముక్కల మీద కాదు కదా.

బస్సులో చెప్పబోయింది. "అత్తయ్యా, గుడ్డలో లోపం లేదండీ. సూది గుచ్చిన చోట..."

"నీ తప్పేముందమ్మా" అంది అత్తగారు కిటికీలోంచి చూస్తూ. 'పిల్లా' అనలేదు.

మర్నాడు మేనేజరుని అడిగింది, కుట్టు మీద కూడా ఒక ముక్క పరీక్షిద్దామని. ఆయన కసురుకోలేదు.

"వాళ్ళు అడిగింది గుడ్డ పరీక్ష. అడగనిది మనం చేసినా రిపోర్టులో ఎక్కడ రాస్తాం? నియమాలు పెట్టే కమిటీకి రాయండి."

"రాయమ్మా, రాయి" అన్నాడు గొడుగాయన బయటికొచ్చాక. "గొడుగు కొన దగ్గర కారుతోందని ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ రాశాను. పరిశీలిస్తున్నారట. నేను రిటైరయ్యేలోపు చెప్తారేమో."

భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు కుట్టున్న ముక్క బిగించి చూసింది. మీట తిప్పీ తిప్పకముందే నీళ్ళొచ్చాయి. బొట్లుగా కాదు, కుట్టు వెంట గీత గీసినట్టు. గొడుగాయన గుడ్డపేలిక తెచ్చి మిషను తుడిచాడు.  రిపోర్టు మీద ఆమె సంతకం పెట్టింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, గుడ్డ పాసయింది. షీటు కంపెనీకి విడిగా ఫిర్యాదు రాస్తే, మీరు రాసినందుకు ఎంతో సంతోషించామంటూ జవాబిచ్చి, కానుకగా ఇంకో నీలం షీటు పంపారు.

కుట్టే లేని షీటు వెతికి వెతికి తెచ్చింది. తెచ్చాక, ముక్క కత్తిరించకుండా, నీళ్ళు పోసి అడుగడుగునా పట్టి పట్టి పరీక్షించింది. అత్తగారు దాన్ని విప్పనైనా విప్పలేదు.

"ఎక్కడికీ వెళ్ళనిదానికి ఇవన్నీ ఎందుకమ్మా?"

మాట నెమ్మదిగానే ఉంది. కోపగించుకున్నా బావుండేది, కాళ్ళు పట్టుకునైనా బతిమాలేది.

ఆ వారంలోనే చెల్లెలు ఫోను చేసింది. తెర మీద పేరు చూసి అత్తగారు ఫోను కోడలి చేతిలో పెట్టింది. "మోకాళ్ళ నొప్పులని చెప్పు. ప్రయాణం వద్దన్నారని."

కోడలు చెప్పింది. 

"అక్క పక్కనే ఉందా?"

ఎదురుగా అత్తగారు తన పెదవుల వంకే చూస్తోంది.

"లేరండీ. పడుకున్నారు."

"అలాగా. లేచాక చెప్పమ్మా, ఆ పరుపు తీయించేసి కొత్తది వేయించానని. దాని మీద ఇంకా ఎవర్నీ పడుకోనివ్వలేదు."

"చెప్తానండీ" అంది కోడలు.

"ఏమంటోంది?" అడిగింది అత్తగారు.

"మీకోసం కొత్త పరుపు వేయించారట."

"కొత్తదా" అంది అత్తగారు. రిమోటు అందుకుని టీవీ శబ్దం కాస్త పెంచింది.