పాస్‌పోర్టు ఎండబెట్టిన రోజు

మా సుధామణి అత్త నాలుగు నెలలు దేశాలు తిరగడానికి పోతానని చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరూ కోప్పడలేదు. ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి.

"కంపెనీవాళ్ళు పంపిస్తా ఉండారా?" అని అడిగాడు మా నాయన.

"లేదన్నా, నేనే పోతా ఉండాను."

"ఆడ మనోళ్ళు ఎవురన్నా ఉండారా?"

"లేరు."

"గుడి ఏమన్నా ఉండాదా?"

"గుడీ లేదు, గోపురమూ లేదు. కొండలుండాయి, గుర్రాలుండాయి, గొర్రెలుండాయి. వీపున సంచి తగిలించుకోని నడిచేది, చూసేది, వచ్చేది."

నాయన రాగిముద్ద తుంచి, పులుసులో ముంచి, నోటిదాకా తీసుకుపోయి ఆగాడు. "గొర్రెలా?"

అప్పటిదాకా మూలన కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతున్న మా అవ్వ కెంచమ్మ తలెత్తింది. "మీ నాయన పోలేదా, ఏటికి ఆర్నెల్లు? వీపున కంబళి, చేతిలో కట్టె. ఆయప్పను ఏ ఊర్లో ఎవురు అడ్డం నిలబెట్టి కాయితం అడిగిరి?"

మా తాత ఆంజప్ప గొర్రెల మందతో ఊళ్ళు దాటి, జిల్లాలు దాటి, కర్ణాటకలోకి పోయి తిరిగి వచ్చేవాడట. నేను పుట్టకముందే మంద అమ్మేశారు. ఇప్పుడు కెలవరపల్లి పక్కన మా ఇంట్లో ఉన్నవి రెండు మేకలు, ఒక టీవీయస్ బండి. అత్త పదకొండేళ్ళుగా హోసూరులో ఒక కంపెనీలో చిన్న చిన్న పళ్ళచక్రాలను భూతద్దం కింద పెట్టి మంచివా, చెడ్డవా చూస్తుంది. ఒకరోజు టీ విరామంలో ఫోనులో కిర్గిజ్‌స్తాన్ ఆడవాళ్ళు కొండ మీద కూర్చుని గొర్రెబొచ్చు కొట్టి దుప్పట్లు చేయడం చూసిందట. "అచ్చం మన కంబళే రేణూ," అని నాకు చూపించింది. ఆ రోజు నుంచి ఆమె భూతద్దం కింద చక్రాలు కాకుండా కొండలే చూస్తూ ఉండిందని నా అనుమానం.

కంపెనీ ఎట్లాగో నాలుగు నెలల సెలవిచ్చింది. జూలై పదో తేదీ నుంచి. ఆ తర్వాత మళ్ళీ ఇంత సెలవు అడిగితే ఇంటికే పంపిస్తామని కూడా చెప్పిందట. అక్కడ అక్టోబరుకల్లా మంచు పడి మందలు కొండ దిగిపోతాయి. అంటే ఇప్పుడు పోవాలి, లేకపోతే లేదు. ఆమె పోవాలనుకున్నవి మూడు దేశాలు. మూడింటికీ వీసాలు కావాలి.

ఆ కాగితాల పని అత్త నాకు అప్పగించింది. నేను ప్లస్ టూ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. నా చేతిరాత బాగుంటుంది, ఏ వస్తువైనా ఇస్తే పోగొట్టను, ఎవరితోనూ ఎదురు మాట్లాడను. ఎదురే కాదు, మామూలుగా కూడా పెద్దగా మాట్లాడను. అత్త లెక్కలో ఇవన్నీ సెక్రటరీ లక్షణాలు.

కృష్ణగిరి బస్టాండు దగ్గర, మందుల షాపు పైన, చెన్నకేశవ అనే ఆయన వీసాలకూ, యాత్రల టికెట్లకూ కలిపి ఒక ఆఫీసు పెట్టుకున్నాడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. గల్ఫుకు పనికి పోయేవాళ్ళు, కాశీకి పోయేవాళ్ళు. మేము ఏ రకమో తేల్చుకోలేక ఆయన మొదటి రోజు చాలా ఇబ్బంది పడ్డాడు.

"ఆడికి పోయి ఏం చూస్తారమ్మా?"

"గొర్రెల్ని," అంది అత్త.

"గొర్రెల్ని చూసేకి వీసానా? బర్గూరులో మా మామింటికి రాండి. వీసా లేకుండా చూపిస్తాను, ఒకదాన్ని కోసి పెడతాను కూడా."

అత్త నవ్వలేదు. ఆయన గొంతు సవరించుకుని జాబితా చెప్పడం మొదలుపెట్టాడు. ఫోటోలో చెవులు రెండూ కనబడాలి. తిరుగు టికెట్టు ఉండాలి. నూట పన్నెండు రోజులు, ఏ రోజు ఎక్కడ ఉంటారో, ఎక్కడ నిద్రపోతారో వరుసగా రాసి ఇవ్వాలి.

"యాడ నిద్రొస్తే ఆడ," అంది అత్త.

"అట్ల రాస్తే వాళ్ళకు నిద్ర పట్టదమ్మా."

రాసే పని కాబట్టి అందరూ నా వైపు చూశారు. నేను నాలుగు రోజులు కూర్చుని, మ్యాపు ముందు పెట్టుకుని, నూట పన్నెండు రోజులూ రాశాను. డైరీ రాసే అలవాటు ఉండటంతో చేయి కాస్త ముందుకు పోయింది. చెన్నకేశవ దాన్ని పైకి చదివాడు. "ముప్పై ఏడో రోజు. పొద్దున ఎక్కువ నడవడం వల్ల కాళ్ళ నొప్పి. మధ్యాహ్నం వాన. ఒక గొర్రెపిల్ల చాలా దూరం వెంట వచ్చింది." కాగితం కిందికి దించి నన్ను చూశాడు. "ఇంకా పోనే లేదు, వాన ఎట్ల కురిసె పాపా?"

ఆఫీసులో ఉన్న కాశీ ముసలమ్మలు కూడా నవ్వారు. నేను చున్నీ కొస పట్టుకుని నేల చూశాను. అత్త మాత్రం ముప్పై ఏడో రోజు కాగితాన్ని మడిచి తన బ్యాగులో పెట్టుకుంది. నేను వేరేది, వాన లేనిది రాసిచ్చాను.

రెండు దేశాల వీసాలు ఫోనులోకే వస్తాయన్నాడు చెన్నకేశవ. మూడో దేశంలో అత్త ఉండాలనుకున్న రోజులు ఎక్కువ కాబట్టి దానికి మాత్రం పాస్‌పోర్టునే ఢిల్లీకి పంపాలన్నాడు. పాస్‌పోర్టు తెరిచి ఒక ఖాళీ పేజీ చూపించి, "వీసా ఈడ అంటిస్తారు," అన్నాడు. పై గురువారం తన దగ్గరున్న పాస్‌పోర్టులన్నీ కట్టగట్టి పంపుతాడట. ఆ తర్వాతి కట్ట జూలై నడుమ. అప్పటికి అత్త సెలవు మొదలైపోతుంది.

"ఫోటోలు, టికెట్టు అన్నీ కలిపి సోమవారం తెచ్చిస్తాం," అని అత్త పాస్‌పోర్టును నా చేతికిచ్చింది. "నీ దగ్గర పెట్టుకో. నా బ్యాగులో ఉంటే దాని మీద టిఫిన్ క్యారియర్ కారుతాది."

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మా బడిలో హాల్‌టికెట్టు ఇచ్చిన రోజు ఎవరూ దాన్ని ఊరికే పుస్తకంలో పెట్టుకోరు. ఇంటికి తెచ్చి, దేవుడి గూటిలో పెట్టి, నాలుగు మూలలా పసుపు చుక్కలు పెడతారు. నేను పదో తరగతికీ పెట్టాను, ప్లస్ టూకీ పెట్టాను. రెండుసార్లూ పాసయ్యాను. శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, పసుపు తడిపి, పాస్‌పోర్టు తెరిచాను. ఏ పేజీకి పెట్టాలో కూడా బాగా ఆలోచించాను. ఫోటో పేజీకి ఎందుకు, అది ఎప్పుడో పాసైపోయింది. పాస్ కావలసింది వీసా. అందుకని, చెన్నకేశవ చూపించిన ఖాళీ పేజీకే, నాలుగు మూలలా, గుండ్రంగా, నాలుగు చుక్కలు పెట్టాను. అవ్వ మేకలకు గడ్డి వేస్తూ గుమ్మంలోంచి చూసి, "అంతే, అంతే," అంది.

సోమవారం చెన్నకేశవ ఆ పేజీ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఏందమ్మా ఇది? పాస్‌పోర్టుకు పెండ్లి చేసినారా?"

అత్త ముఖం తెల్లబోయింది. ఆయన తడిబట్టతో తుడవబోయి ఆగాడు. తుడిస్తే కాగితం లేచిపోతుందట. ఇట్లాగే పంపితే ఢిల్లీలో మరకలున్న పాస్‌పోర్టు అని తిప్పి పంపవచ్చట. కొత్తది తీసుకుందామంటే వారాలు పడుతుందట. "గురువారం పొద్దున పదిన్నర వరకూ చూస్తాను. నా చేతిలో ఇంకేం లేదు," అని పాస్‌పోర్టును రెండు వేళ్ళతో పట్టుకుని తిరిగి ఇచ్చాడు.

బస్సులో హోసూరు వచ్చేదాకా అత్త కిటికీలోంచి చూస్తూనే ఉంది. పక్క సీట్లో మామిడిపండ్ల గంప. ఆ పండ్ల పసుపు రంగు కూడా నేను చూడలేకపోయాను. 'నేనే అత్తా' అనే రెండు మాటలు గొంతులో తయారుగా ఉన్నాయి. శూళగిరి వచ్చింది, పోయింది. మాటలు దిగలేదు.

ఇంటికి రాగానే అత్త అడిగింది. "దీనికి పసుపు పెట్టింది ఎవురు?"

అవ్వ ఒక్కసారి నా వైపు చూసింది. "నేనే," అంది.

"నీకు బుద్ధుండాదా అమ్మా? అది పాస్‌పోర్టా, పశువా?"

"పసుపు పెట్టింది మంచికే గదే. దానికి ఇంత సిట్టా, ఇంత కోపమా?"

అత్త పాస్‌పోర్టును బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. నేను డైరీలో 'నేనే' అని రాసి, దాని కింద గీత గీసి, గీత కింద ఇంకో గీత గీసి పడుకున్నాను. డైరీకి చెప్పడం తేలిక. అది "ఎందుకు చేసినావు?" అని అడగదు.

మంగళవారం అత్త డ్యూటీకి పోగానే అవ్వ నన్ను పిలిచింది. "ఏమే మూగి, పసుపు ఏం పెడితే పోతాది?"

నాకు తెలియదు.

"పసుపు చీర నీడలో ఎందుకు ఆరేస్తాము? ఎండలో ఏస్తే పసుపు ఎగిరిపోతాదని. ఆ బుక్కును మిద్దె మీదికి తీసకరా."

మిద్దె ఎక్కాము. పాస్‌పోర్టు తెరిచి, పేజీకి రెండు పక్కలా నా జడ క్లిప్పులు పెట్టి, గోడ మీద ఉంచాము. ఆకాశం చూస్తే మబ్బు. హోసూరులో ఆ నెలంతా అంతే, చల్లగాలి, ఊరికే తుంపర. సాయంత్రం నాలుగింటి వరకూ కూర్చుంటే పది నిమిషాలు కూడా ఎండ రాలేదు. పైగా ఒక మేక మెట్లెక్కి వచ్చి మూడో దేశాన్ని వాసన చూసింది. దాన్ని తోసేశాను.

అవ్వ ఆకాశం వైపు చూసి తీర్పు చెప్పింది. "ఇది ఎండే కాదు. రేపు కృష్ణగిరికి పోదాము. ఆడుండాది ఎండ."

బుధవారం అత్త ఫస్ట్ షిఫ్టుకు పోయాక మేము బస్సెక్కాము. శూళగిరి దాటి కిందికి దిగేసరికి కిటికీ కమ్మీ కాలడం మొదలైంది. అవ్వ సంతోషంగా చేతిని కమ్మీకి ఆనించి చూసింది. బస్టాండు బయట మామిడిపండ్లు అమ్మే ఒకామె పక్కన గోనెపట్ట మీద చోటు అడిగి కూర్చున్నాము. తోతాపురి కుప్ప ఒక పక్క, పాస్‌పోర్టు ఒక పక్క. నేను గొడుగు పట్టుకున్నాను, అవ్వకు. పాస్‌పోర్టుకు మాత్రం నీడ తగలకుండా ప్రతి అరగంటకూ జరుపుతూ ఉన్నాను.

ఒకాయన నిలబడి తమిళంలో అడిగాడు, ఇది ఎంత అని.

"ఇది అమ్మేది కాదప్పా," అంది అవ్వ. "ఇంకా మాగలేదు."

మధ్యాహ్నానికి చుక్కలు నిమ్మకాయ రంగుకు వచ్చాయి. రెండింటికి పాత పేపరు రంగు. నాలుగున్నరకు నేను పేజీని కళ్ళ దగ్గర పెట్టుకుని వెతికితే గానీ కనబడలేదు. అవ్వ ముఖం ఎర్రగా కమిలిపోయింది, కానీ తాత మందతో తిరిగి వచ్చినప్పుడు ఆయనలో ఉండేదని అవ్వ చెప్పే ఠీవి ఆమె నడకలోకి వచ్చింది. ఇద్దరం చెన్నకేశవ మెట్లు ఎక్కాము.

లోపల అత్త ఉంది.

షిఫ్టు అయ్యాక ఇంటికి పోయి, గురువారానికి ఏదైనా దారి ఉందేమో మళ్ళీ అడుగుదామని పాస్‌పోర్టు వెతికితే కనబడలేదట. మాకు ఫోను చేస్తే అవ్వ ఫోను ఇంట్లోనే మోగిందట. నా దగ్గర ఫోను లేదు. పోయిందని చెప్పడానికే ఇక్కడికి పరుగెత్తి వచ్చింది. యూనిఫారం కూడా మార్చుకోలేదు.

"యాడికి తీసకపోయినావమ్మా దాన్ని?" అని అరిచింది. "పసుపు చాలలేదా? ఇంకేం పూసుకోనొచ్చినావు?"

"ఇడిసిపెట్టమ్మా," అన్నాడు చెన్నకేశవ. "పాతకాలం మనుషులు. వాళ్ళకేం తెలుస్తాది?"

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడింది. ఆఫీసులో ఎనిమిది మంది ఉన్నారు. గల్ఫువాళ్ళు ఐదుగురు, కాశీవాళ్ళు ముగ్గురు. నేను లెక్కపెట్టాను కూడా. లెక్కపెట్టడం అయ్యాక ఇక చేయడానికి వేరే పని దొరకలేదు.

"అవ్వ కాదు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. చాలా పెద్దగా వచ్చింది. కాశీ ముసలమ్మ ఒకామె ఉలిక్కిపడింది.

"నేను పెట్టినా. హాల్‌టికెట్టుకు పెట్టినట్లే పెట్టినా. వీసా పాస్ కావల్లని పెట్టినా. అవ్వ పొద్దున్నుంచి నా కోసరమే ఎండలో కూర్చోనుండాది. ఆమెను తిట్టద్దు."

కింద మందుల షాపులో ఎవరో దగ్గుమందు అడగడం వినబడింది.

"తెలుసు," అంది అత్త.

"తెలుసా?"

"మీ అవ్వ పసుపు పెడితే మూడు వేళ్ళతో బారుగా గీస్తాది, గొర్రె నొసట గీసినట్ల. ఇట్ల మూలకొక చుక్క, కొలిచి పెట్టేది ఎవురు? సోమవారమే తెలుసు. ఈ పిల్ల ఎన్ని దినాలకు నోరు తెరుస్తాదో చూద్దామని ఉండినా. పాస్‌పోర్టే కనబడకపోయేసరికి నాకే మతి పోయింది." అవ్వ వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నువ్వేల మీదేసుకుంటివమ్మా?" అంది.

"నన్ను తిడితే నాకు అలవాటు," అంది అవ్వ. "దాన్ని తిడితే అది నెల దినాలు మాట్లాడదు. ముందే తక్కువ."

చెన్నకేశవ ఈలోగా పాస్‌పోర్టును కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. పేజీని అటూ ఇటూ వంచాడు. కళ్ళద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. "పసుపు యాడికి పోయిందవ్వా?"

"వీసా లేకుండానే పోయింది," అంది అవ్వ.

గురువారం కట్టలో అత్త పాస్‌పోర్టు కూడా ఢిల్లీకి పోయింది. జూలై ఆరో తేదీన తిరిగి వచ్చింది. సరిగ్గా ఆ పేజీలోనే వీసా అంటించి ఉంది. అత్త దాన్ని నాకు చూపించింది, కానీ చేతికివ్వలేదు. నా చేతికి ఆ పేజీ జిరాక్సు ఇచ్చింది.

"దీనికి పెట్టుకో, నీ ఇష్టమొచ్చినంత."

నేను నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టాను. అవ్వ వచ్చి నడుమ మూడు వేళ్ళతో బారుగా గీసింది. అత్త దాన్ని ముప్పై ఏడో రోజు కాగితంతో కలిపి సంచి పై అరలో పెట్టుకుంది.

మొదటి దేశంలో దిగిన రోజు ఫోను చేసింది. అక్కడి ఆఫీసరు పాస్‌పోర్టు చూసి, ఇంకేమైనా కాగితాలున్నాయా అంటే అత్త తొందరలో ఆ జిరాక్సు కూడా తీసి ఇచ్చేసిందట. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడట.

"ఏమని చెప్పినావత్తా?" అని అడిగాను.

"మా ఇంట్లో వీసా ఇట్లే ఇస్తారు అని చెప్పినా. ఆయప్పకు ఏం అర్థమైందో, నవ్వి ముద్ర కొట్టేసినాడు."