మొరిజో బిగించిన లెన్సు

మా ఆయన మొరిజో ఉద్యోగమంతా సువా ఊళ్లో లెన్సులు బిగించడమే. లోపల గాజు బిళ్ళ వెంట్రుకవాసి కదిలినా ఆయనకు నిద్ర పట్టేది కాదు. అందుకే మా అబ్బాయి తోషియా కొనిచ్చిన చవక కెమెరాను చెవి దగ్గర ఊపి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"గలగలమంటోంది. ఎవడు బిగించాడో గానీ వాడికి బుద్ధి లేదు."

"వాపసు ఇచ్చేద్దామండీ."

"నేనుండగా వాపసేంటే?"

సన్న స్క్రూడ్రైవరు తీశాడు. సాయంత్రానికి చప్పుడు ఆగింది. ఇక ఆయన్ను పట్టలేకపోయాం.

మర్నాడు మనవరాలు సుజునో బడిలో నాటకం. దానిది ముల్లంగి వేషం. "తాతా, నువ్వే ఫోటో తియ్యాలి" అని ఒట్టు వేయించుకుంది.

హాల్లో దీపాలు ఆర్పేశారు. ఫ్లాష్ వాడొద్దన్నారు. ముందు కుందేళ్లు వచ్చాయి. మా ఆయన తీసిన ప్రతి కుందేలూ అలుక్కుపోయింది. వీడియో తీస్తున్న తోషియా అది చూసి, కెమెరా లాక్కుని ఊపాడు.

"చప్పుడేది? దీన్ని విప్పావా నాన్నా?"

"వదులుగా ఉంటే బిగించాను."

"అది వదులుగానే ఉండాలి! చెయ్యి వణికితే ఆ బిళ్ళే కదిలి సర్దుతుంది."

"నా చెయ్యి వణకదురా."

అంటూ కెమెరా తిరిగి తీసుకున్న చెయ్యే వణుకుతోంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె చివుక్కుమంది.

ముల్లంగి వేదికెక్కింది. తాత కోసం వెతుక్కుంటోంది.

"నా వల్ల కాదే" అని ఆయన కెమెరా దించేశాడు.

ఇన్నేళ్ల కాపురంలో నలుగురిలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఎరగం. మా వయసువాళ్లకు అది సిగ్గుమాలిన పని. అయినా వెనక వరసలోంచి వంగి, వియ్యంకుల ఎదుటే ఆయన మోచేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. గడ్డం ఆయన భుజానికి ఆనించాను.

"అందరూ చూస్తున్నారే!"

"చూడనివ్వండి. ఊపిరి బిగబట్టి నొక్కండి."

"నేనే అందరికన్నా లావు!" అని ముల్లంగి కేకపెట్టింది. ఆయన నొక్కాడు.

ఫోటోలో దాని ఊడిన పన్ను సందు కూడా స్పష్టంగా కనిపించింది. సుజునో దాన్ని ఊరందరికీ చూపించింది.

"కెమెరా ఇలా ఇవ్వు నాన్నా, లెన్సు బాగుచేయిస్తా" అన్నాడు తోషియా.

"అక్కర్లేదు" అని ఆయన దాన్ని సంచిలో దాచేసుకున్నాడు.

ఇప్పుడు పెరట్లో పువ్వును తీయాలన్నా నన్ను కేకేస్తాడు. పొయ్యి మీద పులుసు మరుగుతున్నా సరే, వెళ్తాను.