కలిసిరాని బండి

ఆషాఢమాసపు తుదిదినములు. పడమటి కొండలయందు కురిసిన వానలన్నియు ఎఱ్ఱమన్ను కలుపుకొని గోదావరీప్రవాహమై లంకల గట్లను ఒరసికొనుచు సముద్రాభిముఖముగా సాగుచుండెను. తెల్లవారి రెండు గడియలైనను సూర్యబింబము మేఘావరణమును చీల్చుకొని వెలికి రాజాలక పాలిపోయిన వెలుగును మాత్రము తోటలపై చల్లుచుండ వర్షజలభారముచేత తలలు వాల్చిన బంతిపూల వరుసలు మూగనోము పట్టిన ముత్తయిదువలవలె నిశ్చలములై యుండెను. పెండ్లిండ్లు లేని మాసమగుటచే పూల నడుగువారు లేరు. కోసినచో కొనువారు లేక కోయకున్నచో కొమ్మననే కుళ్లిపోవు నా పుష్పసమృద్ధిని చూచి లంకవాసులు నిట్టూర్చుచు శ్రావణ మెప్పుడు వచ్చునా యని యెదురు చూచుచుండిరి.

ఆ లంకలో పూలవర్తకుడైన పల్లంరాజు లోగిలియందు రేకుల షెడ్డు క్రింద టార్పాలిను కప్పుకొని యొక పికప్పు బండి నిలిచి యుండెను. ఏండ్ల తరబడి లంకపూలను విశాఖపట్టణపు విపణికి చేరవేసి యా కుటుంబమునకు పెంకుటింటి స్థానమున మేడయు చెక్కబల్లల స్థానమున సోఫాలును సమకూర్చిన యా వాహనము వైశాఖమాసము మొదలు వీథి మొగము చూచి యెరుగదు. తుని దాటిన పిమ్మట నొక కల్వర్టు గోడను తాకి కాలువలోని కొరిగినది. మెకానిక్కులు దానిని బాగుచేసిరి. క్రొత్త యద్దము వచ్చెను. క్రొత్త బంపరు వచ్చెను. పోయిన రంగును మరల వచ్చెను. దానిని నడిపిన తాతాజీకి మోకాలి క్రింది కుడికాలు మాత్రము మరల రాలేదు.

ఈ తాతాజీ పల్లంరాజు భార్యయైన నూకరత్నమునకు తోడబుట్టిన తమ్ముడు. మీసము మొలిచిననాటనుండి బావగారి యింటనే యుండి బావగారి బండినే నడిపినవాడు.

మనుష్యుడు తన తప్పును మోయించుటకు వేఱొక భుజమును వెదకుకొనుటయందు కనబరచు చాతుర్యము మఱి యే విద్యయందును కనబరచడు. ఆసుపత్రి వరండాలో పరామర్శకు వచ్చిన మొదటి బంధువుతోనే పల్లంరాజు "ఈ బండి మాకు కలిసిరాలేదండి" యని తల పట్టుకొని కూర్చుండెను. ఆ మాట ఆసుపత్రి గుమ్మము దాటి పూలమార్కెట్టు చేరి యచ్చటనుండి లంకలన్నిట వ్యాపించి కొలది దినములలోనే యెల్ల రెరిగిన సత్యమై పీట వేసికొని కూర్చుండెను. సిద్ధాంతిగారు బండి నెంబరులోని యంకెలను కూడి యెనిమిది వచ్చినదనియు ఎనిమిది శనైశ్చరుని యంకె యనియు అట్టి బండి నెత్తురు చూడక మానదనియు సెలవిచ్చిరి. బండి కొన్ననాడు ఈ సిద్ధాంతిగారే యీ యంకెలనే కూడి శనైశ్చరుడు కష్టజీవులకు మిత్రుడనియు ఇల్లాలి నక్షత్రమునకు అది మిక్కిలి యనుకూలమనియు చెప్పి బండిని నూకరత్నము పేరనే వ్రాయించి పట్టుపంచె పుచ్చుకొని వెడలిరి. ఆ సంగతి నెవ్వరును జ్ఞాపకము చేయలేదు. దక్షిణ మాత్రము రెండుమార్లును ముట్టినది.

జరిగినది నూకరత్న మెరుగును. వైశాఖమున పెండ్లిముహూర్తములు వరుసగా వచ్చి పడినందున పూలకు పట్టపగ్గములు లేని గిరాకి యుండెను. తాతాజీ రాత్రి పోయి పగలు వచ్చి మరల రాత్రి పోవుచుండెను. ఆనాటి మధ్యాహ్నము పందిరి క్రింద నామె కూలివాండ్రతో కూడ కూర్చుండి లిల్లీపూలను మూటలు కట్టుచుండగా పల్లంరాజు చేతులు తడిపూలలో నుండుటచే ఫోనును లౌడుస్పీకరున పెట్టి మాటలాడెను.

"బావా, రెండ్రోజులై కన్ను మూయలేదు. ఇక్కడే చెట్టుకింద బండి పెట్టి ఓ కునుకు తీసి సాయంత్రానికి బయల్దేరతాను."

"నిద్దర రేపు పోవచ్చులేరా. సరుకు ఎండిపోతోంది. ముందు వచ్చెయ్."

"అలాగే బావా."

అంతియే సంభాషణ. ఆ కంఠములోని బడలిక నూకరత్నము చెవిని పడినది. పడుకోనీయుడని చెప్పుటకు నోటివరకు మాట వచ్చినది. కాని యెదుట గుట్టలుగా పోసిన పూలు వాడిపోవుచుండెను. ఆమె మూటకు ముడి బిగించెను. తమ్ముడు సాయంకాలమునకు వచ్చి అన్నము సగము తిని మరల బండి యెక్కెను. తెల్లవారుసరికి వార్త వచ్చెను.

పల్లంరాజు క్రూరుడని చదువరులు తలంపరాదు. ఆసుపత్రిలో బావమరిది మంచము ప్రక్కన నేలపై పండుకొనినవాడు. వైద్యమునకు వెనుదీయక వ్యయపరచినవాడు. మేడమెట్లు కష్టమని వీథిగది ఖాళీచేసి యిచ్చినవాడు. ఒక్క వాక్యము తప్ప వాని కీయనిది లేదు. ఆ యొక్క వాక్యమునకు బదులుగానే తక్కిన వన్నియు నిచ్చుచున్నాడని నూకరత్నమునకు తోచి యన్నము సహించకుండెను.

శ్రావణము సమీపించెను. పల్లంరాజు షోరూమునుండి రంగురంగుల బొమ్మల కాగితములు తెచ్చి సోఫాపై పరచెను. పాతబండి నిచ్చినచో దాని వెల తగ్గించుకొని దానికన్న పొడవును బలమును గల క్రొత్తబండి నిత్తురట. పాతది ఇల్లాలి పేర నుండుటచే నామె సంతకము కావలెను.

"రత్నం, శ్రావణ శుక్రవారం దివ్యంగా ఉందంట. పాతది ఇచ్చేసి పెద్ద బండి తెచ్చేద్దాం. నువ్వో సంతకం పెట్టాలి."

"పెద్ద బండి కావాలంటే తెచ్చుకుందామండి. నేను కాదన్నానా?"

"మరింకేం. ఆ పీడ కూడా వదిలిపోతుంది."

పీడ యను మాట నూకరత్నము మనస్సున ముల్లువలె నాటుకొనెను. ఆమె కాగితములను మడిచి యతని చేతి కిచ్చి వంటయింటిలోనికి పోయెను.

తాతాజీ దినమంతయు వీథియరుగుపై కూర్చుండి షెడ్డు వైపు చూచుచుండును. నడుమనడుమ చంకకఱ్ఱ యూతగా లేచి పోయి టార్పాలిను తొలగించి యద్దము తుడుచును. వారమున కొకమారు తాళము త్రిప్పి యింజనును మేల్కొలిపి కొంతసేపు దాని చప్పుడు విని మరల ఆర్పివేయును. ఆ సాయంకాలము కాఫీగ్లాసుతో వచ్చిన యక్కను చూచి యతడు తనంత తానే ప్రసంగమెత్తెను.

"అక్కా, బండి పాతబడిందని మారిస్తే మార్చమను. లోడు పట్టట్లేదని మారిస్తే మార్చమను. నాకేం బాధ లేదు. దీని పాడుజాతకం వల్లే నా కాలు పోయిందని చెప్పి మారిస్తే మాత్రం నేనొప్పుకోలేను. తొక్కితే ఆగే బండి అది. తొక్కాల్సినోణ్ణి నేను నిద్రపోయాను. ఆ నిద్రెందుకొచ్చిందో బావకి తెలుసు, నాకు తెలుసు."

"నాకూ తెలుసురా" యని నూకరత్నము పలికెను. నెలలు గడచిన పిమ్మట నా మాట మొదటిమారు బయటపడినది. 

"నష్టపరిహారం అడగట్లేదక్కా. నా మొహం చూసి బావ ఒక్కసారి ఆ మాట అంటే చాలు."

నూకరత్నము మరునాటి యుదయమున భర్తకు భోజనము వడ్డించుచు తన నిశ్చయము తెలిపెను. "సంతకం పెడతానండి. కానీ ఆ రోజు నిద్రపోకుండా రమ్మన్నది మీరేనని వాడి ఎదురుగా ఒక్కసారి చెప్పండి. నలుగురిలో కాకపోయినా ఫరవాలేదు. వాడికి చెప్పండి." పల్లంరాజు చేయి విస్తరిలోనే యాగిపోయెను. అతని ముఖమున కోపము పుట్టి యణగి సిగ్గు పుట్టి యణగి తుదకు బడలిక మాత్రము మిగిలెను. "అలాగేలే. బండి వచ్చిన రోజు చెప్తాను" అని యతడు లేచి చేయి కడుగుకొనెను. ఆమె నమ్మెను. నమ్మవలెనని కోరికయున్నవారికి నమ్ముట యెంతసేపు!

శ్రావణ శుక్రవారము వచ్చెను. బంతిదండలతో నలంకృతమై పసుపుకుంకుమలతో ధగద్ధగాయమానమైన నూతనవాహనము గుమ్మము ముందు నిలిచెను. నాలుగు చక్రముల క్రిందను నిమ్మకాయలు పెట్టబడెను. చుట్టపక్కములు చేరిరి. సిద్ధాంతిగారు విచ్చేసి క్రొత్త నెంబరు కూడి తొమ్మిది వచ్చినదని సంతోషించిరి. షోరూము మనిషి కాగితములు పట్టుకొని యరుగుపై కూర్చుండెను. తాతాజీ యుదయముననే గడ్డము గీసికొని యిస్త్రీచొక్కా తొడుగుకొని కుర్చీలో నిటారుగా కూర్చుండి యుండెను. ఇస్త్రీచొక్కా యెందులకో యెరిగినది నూకరత్న మొక్కతయే. భర్త యిచ్చిన మాటను తమ్మునికి చెప్పినది తానే.

పల్లంరాజు బావమరిది కడకు వచ్చి యెదుట నిలిచెను. పెదవులు కదలెను. అంతలో ప్రక్కనున్న చుట్ట మొకడు షెడ్డు వైపు చూచి "ఆ బండిని చూస్తేనే గుండె జల్లుమంటుందండి" యనెను. మునుగుచున్నవానికి చేయి దొరకినట్లయ్యెను.

"అవునండి. మా తాతాజీ కాలు మింగేసింది, మాయదారి బండి. ఇవాళ్టితో దాని పీడ వదిలింది" అని పల్లంరాజు బావమరిది భుజముపై చేయివేసి భోరున నేడ్చెను. స్త్రీలు కన్నులొత్తుకొనిరి. పురుషులు తలలూచిరి. ఆ కన్నీరు కపటము కాదు. కపటమే యైనచో కొంత మేలుగా నుండెడిది. చెప్పగా చెప్పగా తన యబద్ధమును తానే నమ్మినవాని కన్నీరది. అట్టివానితో వాదమాడుట యెట్లు?

నూకరత్నము చేతికి కలమందినది. ఇప్పుడు నోరు విప్పినచో నింతమందిలో భర్త తల వంచుకొనవలెను. వంచుకొనిన తల మరల నెత్తునప్పుడు ఈ యింట తన తమ్ముని కంచము దిక్కు చూచు చూపు వేఱుగా నుండును. ఒంటికాలివానిని వెంటబెట్టుకొని తా నెచ్చటికి పోగలదు? సిద్ధాంతిగారు "వర్జ్యం వచ్చేస్తోందమ్మా, కానివ్వండి" యని తొందరపెట్టిరి. ఆమె తమ్ముని వైపు చూచెను.

"పెట్టెయ్యక్కా" అని తాతాజీ ముఖము త్రిప్పుకొనెను.

ఆమె సంతకము చేసెను. చేసినంతసేపును తన తమ్ముని కాలు తానే రెండవమారు కోయుచున్నట్లుండెను. షోరూము మనిషి షెడ్డులోనికి పోయి తాళము త్రిప్పగా నా పీడబండి మొదటి త్రిప్పుననే పలికినది. నిమ్మకాయల మీదుగా క్రొత్తబండి ముందునకు కదలుచుండ పాతబండి హారతి లేక కొబ్బరికాయ లేక పెరటిదారిన వెడలిపోయెను. ఇల్లాలి గ్రహస్థితి మారినదని సిద్ధాంతిగారు వచించుటచే క్రొత్తబండి పల్లంరాజు పేరనే వ్రాయబడినది. ఇక నెన్నడును నూకరత్నము సంతకముతో నెవ్వరికిని పని లేదు. తాతాజీకి తూకపు కాటా కడ నొక కుర్చీ వేయబడినది.

కార్తికమాసమున చామంతులు విరియ బూసెను. పెండ్లిండ్లు మొదలయ్యెను. ఒకనాటి యుదయమున నూకరత్నము పూలమార్కెట్టుకు పోవుసరికి రోడ్డువార చింతచెట్టు నీడలో నా పాతబండి నిలిచి యుండెను. మెకానిక్కులు సరిచేయక విడిచిన తలుపుపైని సొట్ట యొక్కటి చాలు నామె గుర్తించుటకు. ఆవలి జిల్లానుండి క్రొత్తగా వచ్చిన పాపాయమ్మ యను వర్తకురాలు దాని వెనుక తలుపు దించి మూటల నెక్కించుచుండెను. నూకరత్నము తేరిపార చూచుట గమనించి యామె నవ్వుచు పలుకరించెను.

"సెకండు హాండులో కొన్నామండి. ఎంత కలిసొచ్చిందో చెప్పలేనండి. ఎవరమ్ముకున్నారో గానీ పాపం."

 బండిలోని డ్రైవరు పట్టపగలు ముందుసీటుపై వెల్లకిల పండుకొని గాఢనిద్రలో నుండెను. వాని పాదములు రెండును కిటికీ వెలుపలికి చాచియుండెను. పాపాయమ్మ లేపబోలేదు. నూకరత్నము ఆ పాదములను రెంటిని చూచి చూచి యేడుపాపుకొనలేక కొంగు నోటి కడ్డము పెట్టుకొని వెనుదిరిగెను.

ఇల్లు చేరుసరికి పందిరి క్రింద పల్లంరాజు చామంతిపూలపై నీళ్లు చల్లుచుండెను. చేతులు తడిగా నుండుటచే ఫోను లౌడుస్పీకరున నుండెను. క్రొత్త డ్రైవరు కంఠము వినబడెను. "అయ్యగారూ, నిన్నా మొన్నా కునుకు లేదండి. ఒక్క రెండు గంటలు పడుకుని వస్తానండి."

"నిద్దర రేపు పోవచ్చులేవయ్యా. సరుకు ఎండిపోతోంది. ముందు వచ్చెయ్."

"అలాగేనండి."

కాటా కడ కూర్చున్న తాతాజీ తూకపురాయిని చేతనే యుంచుకొని తల యెత్తెను. "అక్కా, ఈ బండి నెంబరు కూడితే ఎంతన్నారు?"

"తొమ్మిదన్నారురా."

"మంచిదే" యని యతడు రాయిని పళ్లెములో పెట్టెను.

నూకరత్నము షెడ్డు దిక్కు చూచెను. పాతబండి నిలిచినచోట నేలపై నూనెమరక యింకను చెరగలేదు. పీడను సాగనంపితిమని యెల్లరును తలంచిరి. ఇనుము మాత్రము వెడలిపోయినది. వెడలవలసినది వెడలలేదు. అది యెప్పటివలెనే పందిరి క్రింద నిలువబడి పూలపై నీళ్లు చల్లుచుండెను.