డెల్ఫీనాకు పడని గోధుమ

గోధుమను చేసిన రోజున దేవుడు డెల్ఫీనాను మరిచిపోయాడా? ఆమె తమ్ముడు ఎవరిస్తోకు ఈ సందేహం చిన్నప్పటి నుంచీ ఉంది. రొట్టె ముక్క తింటే చాలు, అతని అక్క రోజుల తరబడి కడుపు పట్టుకుని పడుకునేది. చర్చిలో మోకరిల్లినప్పుడల్లా అడుగుతాడు. జవాబు రాదు. అడగడం మానడు.

బ్యూనస్ ఏర్స్‌లో, విత్తనాల పర్యవేక్షణ కార్యాలయంలో, కిటికీలు తెరుచుకోని గదిలో అతను గోధుమపిండిని సన్నని గాజు గొట్టాల్లోకి వేస్తున్నాడు. జారుతున్న కళ్ళజోడును తొడుగులున్న చేతులతో తోసుకోలేక ముక్కు ముడిచి పైకి లాగుతున్నాడు. డెల్ఫీనా లాంటివాళ్ళకు పడేలా, జన్యువును కత్తిరించి సవరించిన గోధుమ అది. బయటి జన్యువు జాడ లేకపోతే మామూలు గోధుమే అని రాస్తారు, వచ్చే పంటకే పొలాలకు వెళుతుంది. ఉంటే ఏళ్ళ తరబడి పరీక్షలు.

మిషను తెర మీద సన్నని గీత తేలింది. జాడ ఉంది. జన్యువును కత్తిరించడానికి వాడిన బయటి జన్యువు ముక్క గింజలోనే మిగిలిపోయింది. మళ్ళీ చూశాడు. ఉంది.

పక్క బల్ల దగ్గరి సులేమా మెడ చాచింది. "ఇంత సన్న గీతేనా? మిషను మీద దుమ్మనుకోవయ్యా! మీ అక్క రొట్టె తింటుంది, నువ్వు తిన్నగా స్వర్గానికి పోతావు."

"అక్కడ కూడా పరీక్ష చేసేవాళ్ళుంటారమ్మా."

ఆమె పకపకా నవ్వింది. అతను తలుపు దాకా వెళ్ళి, ఏమీ తోచక వెనక్కి వచ్చాడు. ఆ ముక్క ఇంకా ఎక్కడెక్కడ కత్తిరిస్తుందో ఎవరికీ తెలియదు. మామూలు అన్న మాట నమ్మి తినేవాళ్ళందరూ అక్కలాంటివాళ్ళే. సాయంత్రం "బయటి జాడ ఉంది" అని సంతకం పెట్టాడు.

ఇంట్లో డెల్ఫీనా దిండ్లకు ఆనుకుని ఉంది. పేగుల్లో పుండు ముదిరిపోయింది, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు.

"ఏరా, వచ్చిందా నా రొట్టె?"

"రాలేదక్కా. నేనే ఆపాను."

"పోనీలే. ఇన్నాళ్ళు ఆగిన నోరు, ఇప్పుడు దొంగ రొట్టె తిని దేవుడికి ఏ మొహం చూపిస్తుంది? నువ్వలా ఏడుపు మొహం పెట్టకు, పోయేది నేను."

అతను సొరబుర్రలో, టీలా తాగే మాతే ఆకు మీద వేడినీళ్ళు పోసి, పీల్చే వెండి గొట్టం ఆమె వైపు తిప్పి, బుర్ర అందించాడు. ఒక్క గుక్క పీల్చి, "గ్రాసియాస్‌రా," అంది.

మాతే తాగుతూ ఆ కృతజ్ఞత మాట అన్నారంటే, ఇక చాలు, నాకు పోయొద్దు అని. అంతకు ముందు డెల్ఫీనా ఎన్నడూ అనలేదు. నీళ్ళు చల్లారేలోపు ఆమె ఊపిరి ఆగింది.

అమ్మ పోయినప్పటి నుంచీ ప్రతి ఉదయం అతనికి పోసి ఇచ్చింది ఆమే. ఇంకొకటి కావాలన్న ఆశతో ఖాళీ బుర్రను అతనెప్పుడూ మాట లేకుండానే తిరిగి ఇచ్చేవాడు. మిగిలింది తాగాడు. "గ్రాసియాస్, అక్కా," అన్నాడు.

బుర్రను మంచం పక్క బల్ల మీద పెట్టాడు, గొట్టం మళ్ళీ ఆమె వైపే తిప్పి.