పరీక్షకు పెట్టిన ఇల్లు

కట్టుబడి పనుల్లో ఉన్నవాళ్ళంతా ఆమెను ఫ్యానక్క అంటారు. పేరు పెట్టినవాడెవడో గాని సరిగ్గానే పెట్టాడు. కొత్తగా కట్టిన ఇంటి వీధి తలుపు తెరిచి, ద్వారబంధానికి ఎర్రటి రబ్బరు గుడ్డ బిగించి, దాని మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టి ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంది. అప్పుడు ఎక్కడ సందులుంటే అక్కడి నుంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఎంత దూరిందో మీటరు చెబుతుంది. ఆమె కాగితం మీద రాసి సంతకం పెడుతుంది. ఆ సంతకం కోసమే ఇంత హడావుడీ.

కరెంటు కంపెనీవాళ్ళు ఒక పథకం పెట్టారు. గాలి కారకుండా, గోడల్లోనూ అటక మీదా వేడిని ఆపే ఇన్సులేషన్ దూది మందంగా పరిచి, కప్పు మీద సోలార్ పలకలు పెట్టి కొత్త ఇల్లు కడితే, ఇంటికి ఇంతని బిల్డరుకి ప్రోత్సాహకం. కొన్నవాళ్ళకేమో బిల్లు సగానికి సగం తగ్గుతుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. అయితే ఆ పథకం రాసిన మహానుభావుడు ఒక వెసులుబాటు కూడా రాసి పెట్టాడు. ఒకే నమూనాలో ఏడిళ్ళు కడితే ఒక్కదాన్ని పరీక్షిస్తే చాలు, మిగిలిన ఆరూ దాని వెనకాలే పాసైపోతాయి. ఆ ఒక్కటీ ఏదో పరీక్షించే మనిషే ఎంచుకోవాలని కూడా రాశాడు, పాపం.

ఎంచుకోవడం ఎక్కడిది? ఫ్యానక్క వ్యాను గేటు దగ్గర ఆగేసరికే సైటు ఇంజనీరు ఎదురొచ్చేవాడు. "నాలుగో నంబరు రెడీగా ఉంచాం మేడం" అనేవాడు. మెట్లు ఊడ్చి ఉండేవి. నీడపట్టున కుర్చీ, ఫ్లాస్కులో టీ, ఫ్యానుకి కరెంటు వైరు, అన్నీ అమర్చి ఉండేవి. ఇక మిగతా ఇళ్ళకేమో తాళాలు. ఇక్కడే కాదు, ఏ సైటుకి వెళ్ళినా ఇదే మర్యాద. ఆ ఫ్యాను మోయాలంటే నడుం విరిగిపోతుంది. అందుకని తొమ్మిదేళ్ళుగా ఎవరు ఏ ఇల్లు చూపిస్తే దానికే తగిలించింది. అటక మీద దూది చూడాలంటే నిచ్చెనెక్కి తలుపులోంచి తల పెట్టి ఒక ఫోటో తీసేది. ఎవరూ ఆమెకు లంచం ఇవ్వజూపలేదు. ఇస్తే చెంప పగలగొట్టేది, అందులో అనుమానం లేదు. వాళ్ళు కుర్చీ వేశారు, ఆవిడ కూర్చుంది, అంతే.

అలా నాలుగో నంబరు ఒక్కటే చూసి సంతకం పెట్టిన ఏడిళ్ళ వరసలో ఆరో నంబరు ఇంటిని ఆమె చెల్లెలు కొనుక్కుంది. పద్నాలుగేళ్ళు అద్దె ఇళ్ళలో ఇంటి ఓనర్ల సణుగుడు విని విని, చివరికి సొంత ఇల్లు. కొనేటప్పుడు ఎవరేమన్నా ఆమె దగ్గర ఒకటే జవాబు. "మా అక్క సంతకం ఉంది దాని మీద. ఇంక చూసేదేముంది?"

చలికాలంలో తాళాలిచ్చారు. ఎండాకాలం వచ్చాక ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఇది నువ్వు చూసిన ఇల్లే కదా? బిల్లు చూసి మీ మరిది నా మొహం చూడట్లేదు. అద్దింట్లో వచ్చినదానికి రెట్టింపు. మేడ మీద గదిలో పిల్లకి ఒళ్ళంతా చెమటకాయలు. కింద హాల్లోనే పడుకుంటున్నాం ముగ్గురం."

ఫ్యానక్క ఆదివారం పొద్దున్నే వ్యానులో ఫ్యాను వేసుకుని వెళ్ళింది. మేడ మీద గదిలో అడుగుపెట్టగానే మొహానికి సెగ కొట్టింది. చెల్లెలి కూతురు మెడ చూపించి, "దురద పెద్దమ్మా" అంది. మెడంతా ఎర్రగా పేలి ఉంది. ఏసీ మాత్రం పొద్దుట్నుంచి ఆగకుండా తిరుగుతోంది.

వీధి గుమ్మానికి గుడ్డ బిగించి ఫ్యాను వేసింది. నిమిషం తిరగలేదు, ప్లగ్గు బోర్డుల్లోంచి తెల్లటి దుమ్ము లేచి హాల్లోకి కొట్టింది. మీటరు చూసి తనే నమ్మలేక ఫ్యాను ఆపి మళ్ళీ వేసింది. నాలుగో నంబరులో కారినదానికి ఆరింతలు కారుతోంది. స్క్రూడ్రైవరు తీసుకుని మేడ మీద ఒక బోర్డు ఊడదీసింది. గోడలో దూది ఉండాల్సిన చోట వేలు పెట్టి లాగింది. చిరిగిన సిమెంటు సంచి వచ్చింది. దాని వెనక నలిపేసిన సిగరెట్ పెట్టెలు, అన్నం తిని పారేసిన పొట్లాలు, వాటికి అంటుకుని ఎండిపోయిన మెతుకులు. ఇంకా లాగితే ఎవరో చెమట తుడుచుకుని కుక్కేసిన తువ్వాలు ఒకటి, బూజు పట్టి, వాసన కొడుతూ వచ్చింది. ఆ గోడకి ఆనుకునే పిల్ల మంచం ఉంది.

నిచ్చెన వేసుకుని అటక తలుపు తీసింది. తల పెట్టి చూస్తే దూది పరుపు మెత్తగా, ముద్దుగా కనపడింది. ఈసారి తలతో ఆగకుండా మోకాళ్ళ మీద లోపలికి పాకింది. రెండు బారలు పోయేసరికి దూది అయిపోయింది. ఆ పైన అంతా బోడి చెక్కలే. నిచ్చెన మీంచి తల పెడితే ఎంతవరకు కనబడుతుందో అంతవరకే కొలిచి పరిచారు. ఆ కొలత తన తలదే. అక్కడే కూలబడి, "ఛీ" అనుకుంది. బిల్డరుని చూసో, తనని చూసో ఆమెకే తెలియలేదు.

ఇక కప్పు మీది సోలార్ పలకల సంగతి చెప్పక్కర్లేదు. ఎండ పడే వైపు పెట్టకుండా వీధి వైపు పెట్టారు. ఫోటోలో నిగనిగలాడుతూ వస్తాయి మరి.

తిన్నగా సైటు ఆఫీసుకి వెళ్ళింది. ఇంజనీరు కుర్చీ తుడిచి వేశాడు. చూసిందంతా చెప్పినా అతనికి చీమ కుట్టినట్టైనా లేదు.

"మీ చెల్లెలుగారిదని ముందే ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది మేడం, ఆరో నంబరునే టెస్టు ఇల్లు చేసేవాళ్ళం కదా. దానికి మంచి మేస్త్రీని పెడతాం. ఏడింటికొకటి అతను చేస్తాడు, మిగతావి మామూలు వాళ్ళు చేస్తారు."

"మామూలు వాళ్ళంటే గోడలో తువ్వాళ్ళు కుక్కేవాళ్ళా?"

"ఆరో నంబరు మేం బాగుచేసేస్తాం మేడం. మీకెందుకు బెంగ? మిగతావాళ్ళు ఏమైనా అడిగారా? అడగలేదు కదా. వదిలెయ్యండి."

"సిగ్గుండాలయ్యా."

"మీ సంతకం కూడా ఉంది కదా మేడం దాని మీద" అన్నాడు, టీ కప్పు ఆమె ముందుకి జరుపుతూ. అతని గొంతులో బెదిరింపేమీ లేదు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. టీ తాగకుండా లేచి వచ్చేసింది.

కరెంటు కంపెనీకి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసింది, తన తప్పుతో సహా. వారానికి జవాబు వచ్చింది. ఏడింటిలో ఒకటి పరీక్షించడమే నిబంధన, మీరు నిబంధన పాటించారు, ప్రోత్సాహకం కూడా చెల్లించేశాం, ఫైలు మూసేశాం అని. ఆ కాగితాన్ని ముట్టుకున్న చేతులు కడుక్కోవాలనిపించింది ఆమెకి.

ఇక మిగిలింది ఒక్కటే దారి. తాళాలిచ్చిన ఏడాది లోపల ఇంటివాళ్ళే పరీక్ష కాగితంతో ఫిర్యాదు చేస్తే, చచ్చినట్టు బిల్డరే బాగుచేయాలి. అన్ని ఇళ్ళూ కలిసి అడగాలి, ఒక్కళ్ళడిగితే కాళ్ళరిగేలా తిప్పుతారు. మొదట చెల్లెలికి చెప్పి, తర్వాత ఒక్కో ఇంటి తలుపూ తట్టి పరీక్ష చేసిద్దామని శనివారం మళ్ళీ వెళ్ళింది.

ఆరో నంబరు ముందు బిల్డరు వ్యాను ఆగి ఉంది. మేడ మీద గోడ అప్పటికే విప్పారు, చెత్త సంచుల్లోకి ఎత్తారు. అటక తలుపులోంచి ఇద్దరు పనివాళ్ళ కాళ్ళు వేలాడుతున్నాయి. మరిది మొహం చేటంత అయింది.

"రండి వదినా, మీ ధర్మమా అని మొత్తం మార్చేస్తున్నారు. మీరు వెళ్ళి అడిగిన మర్నాడే ఫోన్ చేశారు" అన్నాడు.

ఫ్యానక్క నిచ్చెన ఎక్కింది. వరస ఇళ్ళు కదా, అన్నిటికీ కప్పు ఒకటే. అటక మీద ఇంటికీ ఇంటికీ మధ్య పల్చటి చెక్క అడ్డం ఉంటుంది, అంతే. ఇటు ఐదో నంబరు చెక్కా, అటు ఏడో నంబరు చెక్కా ఊడదీసి ఉన్నాయి. పనివాళ్ళు ఐదో నంబరు అటక మీది దూది చుట్టలు చుట్టి ఇటు లాగుతున్నారు. వాళ్ళ తలుపు దగ్గర కనబడే వరస ఒక్కటీ ఉంచి, మిగిలినదంతా.

కిందికి దిగి చెల్లెల్ని వంటింట్లోకి పిలిచింది.

"ఆ దూది ఎక్కడిదో తెలుసా నీకు?"

చెల్లెలు స్టవ్వు తుడవడం మొదలుపెట్టింది. తెలుసన్నమాట.

"వాళ్ళకి ఎలాగూ సరిగ్గా లేదు కదక్కా, ఉన్న కాస్తా ఉంటే ఎంత, పోతే ఎంత? రేపు సాయంత్రానికి మనది అయిపోతుంది. అప్పటిదాకా ఆగు. తర్వాత ఊరంతా చెప్పుకో, నేను కాదన్నానా?"

"పక్కింటావిడ మొహం ఎలా చూస్తావే?"

"నువ్వు తొమ్మిదేళ్ళు ఎలా చూశావు?"

మేడ మీద పిల్ల పుస్తకాలు సర్దుకుంటూ, రేపు రాత్రికి నా గదిలోనే పడుకుంటానని తండ్రితో చెబుతోంది. అది వింటూనే ఫ్యానక్క వంటింట్లోంచి బయటికి వచ్చింది. వ్యానులోంచి ఫ్యాను దించి, ఈడ్చుకుంటూ వెళ్ళి ఐదో నంబరు తలుపు తట్టింది.

బట్టలు కుట్టే ఆవిడ తలుపు తీసింది. మెడలో టేపు, వెనక కుట్టుమిషను, దానికి రెండు పక్కలా రెండు టేబుల్ ఫ్యాన్లు.

"ఎలకల గురించి వచ్చారా? నిన్నటి నుంచి పైన ఒకటే పరుగులు" అంది.

"ఎలకలు కాదండీ, మనుషులు. మీ అటక మీది దూది మా చెల్లెలింటికి తీసుకుపోతున్నారు."

ఆవిడ తలెత్తి పైకప్పు వంక చూసింది.

"మీ ఇల్లు పాసైందని కాగితం ఇచ్చారు కదా, దాని మీద సంతకం నాదే. కానీ మీ ఇంటికి నేను రావడం ఇదే మొదటిసారి. మీరు ఒప్పుకుంటే ఇప్పుడు పరీక్షిస్తాను. ఫెయిలవుతుంది. ఆ కాగితం పట్టుకుని మీరు ఫిర్యాదు చేయాలి. నా మీద కూడా చేయండి."

ఆవిడ మెడలో టేపు తీసి మడిచి జేబులో పెట్టుకుంది. "రండి లోపలికి" అంది. ఆ గొంతులో ఇందాకటి మర్యాద లేదు.

చెత్త సంచులు దించడానికి వీధిలోకి వచ్చిన పనివాళ్ళు ఇదంతా వింటూనే ఉన్నారు. ఒకడు ఫోనెత్తాడు. పది నిమిషాల్లో నిచ్చెనలు, సంచులు వ్యానులోకి ఎక్కాయి. మేడ మీద గోడ విప్పింది విప్పినట్టే వదిలేసి వాళ్ళు వెళ్ళిపోయారు. ఎవరేమనుకున్నారో ఏమో, లాగిన దూది కూడా రెండిళ్ళ మధ్య అటక మీద ఎక్కడిదక్కడే పడేసి పోయారు.

చెల్లెలు ఐదో నంబరు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వెళ్ళిపోయారు. గోడ అలాగే నోరు తెరుచుకుని ఉంది. పిల్ల ఏడుస్తోంది. ఇప్పుడు నీ కళ్ళు చల్లబడ్డాయా అక్కా?"

ఫ్యానక్క చేతిలో ఎర్ర గుడ్డ ఉంది. బిగించాలంటే గుమ్మం ఖాళీగా ఉండాలి. లోపల కుట్టుపని ఆవిడ చేతులు కట్టుకుని చూస్తోంది.

"కాస్త బయటికి జరగవే, గుడ్డ బిగించాలి" అంది.

చెల్లెలు ఒక మెట్టు దిగింది. ఫ్యానక్క లోపలి నుంచి ద్వారబంధానికి నాలుగు మూలలా గుడ్డ లాగి బిగించి, మీటరు తగిలించి, ఫ్యాను వేసింది.