చివరి స్టాపు

ఊరి చివర కొత్త కాలనీలో ఒక రెండు గదుల ఇల్లు బస్సు డ్రైవరుకు తెగ నచ్చేసింది. అక్కడికి బస్సు లేదు, ఉన్న దుకాణం ఒక్కటే, అందుకే ధర అతనికి అందేలా ఉంది. ఆస్పత్రిలో ఆయాగా చేసే భార్య మాత్రం, "నేను డ్యూటీకెలా వెళ్లాలి? బస్సు వేశాకే కొందాం" అంది.

డ్రైవరు ఏడాదిపాటు డిపో మేనేజరు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, తన రూటునే కాలనీ దాకా పొడిగించుకున్నాడు. మొదటి ట్రిప్పులోనే భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. స్టాపు పక్కనే ఇళ్ల బ్రోకరు బోర్డు మీద ఆ ఇంటి పాత ధర చెరిపి కొత్తది రాస్తున్నాడు.

"ఇదేంటయ్యా, రెట్టింపు చేసేశావ్!" అన్నాడు డ్రైవరు.

"అప్పుడు బస్సు లేదు కదండీ. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోతే చవగ్గా ఉన్నాయి. కాకపోతే అక్కడికి బస్సుండదు."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"మీరు అక్కడికీ బస్సు వేయించేరు, నోరు మూసుకుని ఉండండి," అంది భార్య.

ఇప్పుడా ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లను రోజుకు ఆరు ట్రిప్పులు అతనే దింపుతున్నాడు.