వానలో ఎర్ర కారు

వంకాయలు తరుగుతున్న నీలవేణిని అత్త జగ్గమ్మ కేకేసింది. "ఒసే, ఆడు పిలుస్తన్నాడు. కార్ల కాగితం అయిపోనాదా అంటన్నాడు."

కాగితమంటే ఆమె భర్త యుగంధర్ తన యూట్యూబ్ ఛానల్లో చెప్పబోయే మాటలు, ఆమె రాసిచ్చేవి. ఈసారి ఇంచుమించు ఒకే ధర పలికే మూడు చిన్న స్పోర్ట్స్ కార్లు, రెండేసి తలుపులవి. డీలర్లు ఒక్కోటి ఒక్కో రోజుకిచ్చారు. శ్రీకాకుళం పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పే నీలవేణే మూడింటినీ భోగాపురం దాకా నడిపింది. యుగంధర్ పక్కన కూర్చుని వీడియో తీశాడు. తెల్లది మెత్తగా పోతుంది గానీ మలుపులో బద్ధకం. నీలం కారు చెప్పినట్టు వింటుంది, వెనక సీట్లో మాత్రం మోకాళ్ళు పట్టవు. ఎర్రదానికి ఉరుకెక్కువ. వాన పడిన రోడ్డు మీద, మామూలు వేగంలోనే, దాని వెనక భాగం ఉన్నట్టుండి పక్కకు జారింది. స్టీరింగు తిప్పి నిలబెట్టేసరికి ఆమె అరచేతులు చెమటతో తడిసిపోయాయి. యుగంధర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇంటికొచ్చాక మాత్రం, "ఆ ముక్క తీసీ. రాస్తే ఆ డీలరు మళ్ళీ బండివ్వడు" అన్నాడు.

తీసేసింది. ఏడేళ్ళుగా ఊరుకోవడం ఆమెకు అలవాటే. "అన్నా, నీకున్న నాలెడ్జి ఎవరికీ లేదు" అని జనం రాసినవి అతను తల్లికి చదివి వినిపిస్తుంటే, గంజి వారుస్తూ వినేది.

ఆదివారం మధ్యాహ్నం లైవ్ పెట్టాడు. "మా ఆవిడకి కారంటే రంగొక్కటే తెలుసండి" అని నవ్వాడు. గుమ్మంలో జగ్గమ్మ కూడా నవ్వింది. కెమెరా వెనక నీలవేణి, అతను మరిచిపోయిన అంకెలు అట్ట మీద రాసి చూపిస్తోంది.

చీపురుపల్లి నుంచి శైలజ అనే నర్సు లైవ్‌లోకి ఫోన్ చేసి అడిగింది. "మా ఆయన ఎర్రదే కొందామంటన్నారు. ఆసుపత్రికి రోజూ నేనే తోలుకెళ్ళాలి. వానలో ఎలాగుంటాది?"

నీలవేణి గబగబా రాసి అట్ట ఎత్తింది: 'జారుతుంది. చెప్పండి.'

చదివి చూపు తిప్పుకున్నాడు. "రాయిలా నిలబడుతుందండి. కళ్ళు మూసుకుని కొనేయండి."

ఇన్నాళ్ళూ నోరు మూసుకుంటే నష్టం తనొక్కదానికే అనుకుంది. ఆ నర్సెవరో, ఏ ముసురులో డ్యూటీకి బయల్దేరుతుందో. అట్ట కింద పెట్టి, వెళ్ళి అతని పక్కన స్టూలు మీద కూర్చుంది.

"శైలజమ్మా, తొందరపడకండి. వానలో ఆ కారు నా సేతిలోనే జారిపోనాది. తోలింది నేను, ఈయన కాదు."

యుగంధర్ బల్ల కింద ఆమె మణికట్టు పట్టి నొక్కాడు. "లెగు" అన్నాడు పళ్ళ బిగువున. జగ్గమ్మ నవ్వు ఆగిపోయింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగినా నీలవేణి లేవలేదు.

"నా పేరు నీలవేణి" అంది కెమెరాలోకి చూస్తూ. "ఇన్నాళ్ళూ మీరు విన్నవన్నీ నేను రాసినవే. ఇంకేటి అడుగుతారో అడగండి."